మావ చెయ్యి, నాన్న బిళ్ల

విజయనగరం దగ్గరి జూట్ మిల్లులో మా నాన్న పర్మినెంటు. పర్మినెంటయింది ఉద్యోగమే, ఊపిరితిత్తులు కావు. నార దుమ్ము మింగి మింగి, చివరికి గేటు దగ్గరకి దగ్గు ముందు చేరేది, ఆయన వెనక చేరేవాడు. మానేస్తే పర్మినెంటు వాళ్లకిచ్చే ఇత్తడి బిళ్ల పోతుంది. నాకప్పటికి ఈడు చాలదు. అందుకని ఆ బిళ్ల మెడలో వేసుకుని మా మావ, అంటే అమ్మ తమ్ముడు, పనిలోకి వెళ్లడం మొదలుపెట్టాడు. మా వాడలో దీన్ని మోసమనరు, చుట్టరికమంటారు. బావకి ఒంట్లో బాగోకపోతే బావమరిది దుక్కి దున్నడా? ఇదీ అంతే.

మమ్మల్ని పనిలోకి పిలిచే సర్దారుకి అంతా తెలుసు. రోజూ గేటు దగ్గర నాన్న పేరు పిలిచేవాడు, మావ పలికేవాడు. కొన్నాళ్లకి ఇంట్లో సొంత పేరుతో పిలిస్తే మావ పలకడం మానేశాడు. అమ్మ చెవుడనుకుని చెవిలో వేపనూనె పోసింది.

తర్వాత నేనూ అదే మిల్లులో బదిలీగా చేరాను. ఎవడైనా రాకపోతే ఆ పూట వాడి పని నాది. తోటివాడికి జ్వరం రావాలని పొద్దున్నే దేవుడికి మొక్కుకునే ఉద్యోగం.

ఆ ఏడు కొత్త మిషన్లు దిగాయి. ఇద్దరు చూసేదాన్ని ఇక ఒక్కడే చూడాలన్నారు. అభివృద్ధి అంటే అదేనని మేనేజరు చెప్పాడు. ఇనప పళ్లున్న రోలర్ల మధ్య నార ఇరుక్కుంటే పూర్వం ఒకడు మిషను ఆపేవాడు, ఇంకొకడు నార లాగేవాడు. ఇప్పుడు లాగడానికి మావ ఉన్నాడు. ఆపేవాడు అభివృద్ధిలో పోయాడు. మావ కుడిచేతి నాలుగు వేళ్లు నారతో పాటే అవతలికి వెళ్లాయి. బొటనవేలు మిగిలింది. సంతకం దక్కింది కదా మావా అన్నాను. ఆసుపత్రిలో నవ్వింది మావ ఒక్కడే.

చెయ్యి పోయినవాడికి మిల్లు నష్టపరిహారం ఇవ్వాలని చట్టం ఉందట. విచారణకి లేబర్ ఆఫీసరు వస్తాడన్నారు. నిజం చెబితే బిళ్ల అప్పిచ్చినందుకు నాన్న ఉద్యోగం పోతుందనీ, దొంగబిళ్లతో వచ్చిన మావకి పైసా రాదనీ సర్దారు తేల్చాడు. తన ఉద్యోగమూ పోతుందని చెప్పలేదు. నాన్న చేతికే కట్టు కట్టి కూచోబెట్టమన్నాడు.

ముందురోజు సాయంత్రం అమ్మ కత్తిపీట వేసుకుని వంకాయలు తరుగుతోంది. తరుగుతూనే నాన్నతో అంది.

“కట్టెందుకు? సెయ్యి ఇలా పెట్టు. నా తమ్ముడిది నిజంగానే పోనాది. నీదీ నిజమైపోతాది.”

నాన్న చెయ్యి పంచెలో దాచుకున్నాడు. అమ్మ ఇంకో వంకాయ అందుకుంది. కూర బాగానే కుదిరింది.

ఆఫీసరు మంచివాడు. మా కొంప ముంచింది అదే. చెడ్డవాడైతే కట్టు చూసి, సరేనని రాసుకుని వెళ్లిపోయేవాడు. ఈయన గాయం చూడాలన్నాడు. నొప్పి పెడుతుంది, నెమ్మదిగా విప్పమన్నాడు కూడా. పసుపునీళ్లు చల్లిన అమ్మ పాత చీరముక్క చుట్టు వెంట చుట్టు ఊడింది. ఎన్నాళ్లుగానో పనిలేక నున్నబడ్డ అయిదు వేళ్లు బయటికొచ్చాయి. గోళ్లు కూడా కత్తిరించుకుని వచ్చాడు నాన్న, పెద్దాఫీసరు ముందుకి కదా అని.

ఆఫీసరు ఆ చెయ్యి తిప్పి చూశాడు. మిల్లు ఆఫీసు కిటికీ అవతల కట్టుకట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని నిలబడ్డ మావని చూశాడు. అతనెవరని సర్దారుని అడిగాడు.

“ఎవుడో బాబూ. గేటుకాడ తిరుగుతుంటాడు.”

మావ నోరు తెరిచాడు. నాన్నకేసి చూసి మూసేశాడు.

ఈ బిళ్ల గల కార్మికుడికి ఏ గాయమూ లేదు, పనికి తగినవాడు అని ఆఫీసరు రాశాడు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. తగినవాడైతే రేపట్నుంచి మావ వేళ్లు తిన్న ఆ మిషను మీదికే రమ్మన్నాడు మేనేజరు.

మర్నాడు గేటు దగ్గర మావ ఎడం చేత్తో నాన్న మెడలో బిళ్ల సరిచేశాడు.

“జాగర్త బావా. కాయితంలో నా సెయ్యి నీకాడే ఉన్నాది.”

సర్దారు నాన్న పేరు పిలిచాడు. అలవాటుకొద్దీ మావే పలికాడు. గేటువాడు అతన్ని పక్కకి నెట్టి నాన్నని లోపలికి పంపాడు.

నేను బదిలీల వరుసలో నిలబడ్డాను. మా మిల్లులో తండ్రి పోతే బిళ్ల కొడుక్కిస్తారు. మిషన్ల రొద ఇంకా మొదలవలేదు. లోపల్నించి నాన్న దగ్గు వినిపిస్తోంది. పక్కవాడు కాసేపు విని, నన్ను మోచేత్తో పొడిచాడు.

“నీకేటిరా, అదురుష్టవంతుడివి. రేపో మాపో పర్మినెంటు.”