నిద్రపోని ద్రాక్ష తీగ

మా సంఘంలో ప్రభురాత్రి భోజనానికి కావలసిన ద్రాక్షరసం మా అమ్మ చేసేది. ఎండు ద్రాక్ష ముందురోజే నానబెట్టి, ఉడకబెట్టి, పాత మల్లు గుడ్డలో పిండి వడకట్టేది. ఆవిడ మిషన్ బడిలో చిన్న తరగతుల టీచరు. నాన్న నా చిన్నప్పుడే పోయారు. కొత్తపేట దగ్గర కాలవగట్టున ఉండే మా చిన్న ఇంటికి ఉన్న మర్యాదల్లా ఆ రసం గిన్నెలు దాచే చర్చి బీరువా తాళంచెవి అమ్మ దగ్గర ఉండడమే.

ఎప్పుడో టీచర్ల సమావేశానికి హైదరాబాదు వెళ్ళినప్పుడు అమ్మ ఒక ద్రాక్ష కొమ్మ తడిగుడ్డలో చుట్టి తెచ్చి నూతి పక్కన పాతింది. మా పెరటి ద్రాక్షతోనే రసం తీయాలని ఆవిడ కోరిక. తీగ బతికింది. బతకడమేమిటి, పందిరంతా కమ్మేసింది. ఏ కాలంలో చూసినా పచ్చగా ఆకే. ఏళ్ళు గడిచినా ఒక్క గుత్తి వెయ్యలేదు. ఎవరైనా అడిగితే వచ్చే ఏడు కాస్తుందేమోనండీ అనేది. ఒక ఆదివారం పాస్టరుగారు అందరి ముందూ అడిగేసరికి ఏం తోచిందో, "ఆయ్, కాస్తందండీ, కొంచెం కొంచెం" అనేసింది. నేను పక్కనే ఉన్నాను.

ఎనభైల మొదట్లో, నేను అమలాపురంలో ఒక గది తీసుకుని స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్న రోజుల్లో, న్యూజిలాండు నుంచి ఒక కబురు వచ్చింది. ఒకప్పుడు మా మిషన్ ఆస్పత్రిలో పనిచేసిన డాక్టరమ్మగారు అక్కడ చనిపోయారనీ, అక్క పనిచేసిన చోటు చూడడానికి ఆవిడ తమ్ముడు వస్తున్నారనీ. నేను పుట్టినప్పుడు అమ్మకి పురుడు పోసింది ఆ డాక్టరమ్మగారే. తమ్ముడు ద్రాక్ష తోటల రైతట. ఇక పాస్టరుగారి సంబరం చెప్పక్కర్లేదు. మా టీచరుగారి పెరట్లోనూ ద్రాక్ష కాస్తుందని ఆ తమ్ముడుగారికి ముందే ఉత్తరం రాసి ఉంచారు. ఆయన మాటలు తెలుగులో చెప్పే పని నాకు అప్పగించారు.

ఆయన వచ్చింది ఫిబ్రవరిలో. నేను అమలాపురం నుంచి తిన్నగా చర్చికే వెళ్ళాను. పెద్ద మనిషి, మెడ ఎండకి ఎర్రగా కందిపోయింది. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, సంఘపెద్దలు, ఆడవాళ్ళు అందరూ ఆయన్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

వరండాలో కొబ్బరినీళ్ళు తాగుతూ ఆయన తమ ఊరి సంగతులు చెప్పారు. చుట్టూ సముద్రం, మధ్యలో మంచు కొండలు. మనకి ఎండలు ముదిరే ఏప్రిల్లో వాళ్ళకి ద్రాక్ష కోత. ఆ తరవాత చలి దిగి ఆకంతా రాలిపోతుంది, తీగలు ఎండుకట్టెల్లా నిలబడతాయి. చిగురు వేసే రోజుల్లో తెల్లవారగట్ల నేల మీద మంచు పేరుకుంటే ఆ చిగురు నల్లగా మాడిపోతుందట. అందుకని వరసల మధ్య కుండల్లో నూనె మంటలు పెట్టి కాపలా కాస్తారట. పండు తియ్యగా ఉంటుందా అని ఒక పెద్దాయన అడిగారు. పగలు ఎండ తీపినిస్తుంది, చల్లటి రాత్రులు పులుపుని పోనివ్వవు, ఆ రెండూ ఉంటేనే మంచి వైను అన్నారాయన. వైనుని నేను రసం అని చెప్పి ఊరుకున్నాను. నా తెలుగు తడబడలేదని లోలోపల పొంగిపోతున్నాను కూడా.

అప్పుడు పాస్టరుగారు పందిరి చూద్దాం రమ్మన్నారు.

పందిరి కింద గుత్తులు వేలాడుతున్నాయి. లేత ఆకుపచ్చ పళ్ళు, నిండుగా. అమ్మ ప్రార్థన ఫలించిందనుకున్నాను, నిజంగానే. ఆడవాళ్ళు పైకి చూసి అబ్బురపడ్డారు. ఆయన ఒక గుత్తిని అరచేతిలోకి తీసుకుని, కాడ వైపు కాసేపు చూసి, మెల్లగా వదిలేశారు. పళ్ళ గురించి కాకుండా ఆకుల గురించి మాట్లాడారు. ఈ తీగకి నిద్ర లేదు, మీ దగ్గర దీన్ని పడుకోబెట్టే చలి లేదు, అందుకే ఆకు మీద ఆకు వేస్తూ పోతోంది అన్నారు. నేను ఆ మాట తెలుగులో చెబుతుండగానే, మా వీధి పిన్నిగారొకావిడ అందరికీ రుచి చూపిద్దామని ఒక గుత్తి పట్టుకు లాగింది. గుత్తితోపాటు అరటినార ఊడి వచ్చింది.

ఆవిడ ఆ నారని పైకెత్తి చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళూ చూశారు. వెనక ఎవరో నవ్వారు, పెద్దగా కాదు. పాస్టరుగారు తల దించుకుని చెప్పుల వంక చూసుకున్నారు. నా చెవులు భగ్గున మండిపోయాయి. ఎవరి మొహం చూడాలో తెలియక నూతి గిలక వంక చూస్తూ నిలబడ్డాను.

"నేనే కట్టేనండి," అంది అమ్మ. "రాజమండ్రిలో కొని తెచ్చి కట్టేను."

ఆవిడ ఏమన్నారని ఆయన నన్ను అడిగారు. చిన్నపిల్లలకి నేర్పే ఇంగ్లీషు చాలు ఆ మాట చెప్పడానికి. అయినా అంతమందిలో కన్నతల్లి తప్పుని పరాయి మనిషికి పరాయి భాషలో చెప్పాలి కదా. చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. ఆయన తలూపి, పిన్నిగారి చేతిలోని గుత్తి నుంచి ఒక పండు తుంపి నోట్లో వేసుకున్నారు. తరవాత ఒక కత్తి ఇమ్మన్నారు.

పొగరుగా పెరిగిన కొమ్మల్ని ఒక్కొక్కటే కోసి పడేశారు. పందిరి కిందకి ఎండ దిగింది. కోసిన చోటల్లా నీళ్ళు కారాయి. చివరికి నాలుగు మోడు కొమ్మలు మిగిలాయి. చలి చెయ్యాల్సిన పని కత్తి చేస్తుంది, ఇలా కోస్తే మళ్ళీ చిగురేసి కాస్తుందని చెప్పమన్నారు. చెప్పాను. అమ్మ మాత్రం ఆయన కోపంతో నరికేస్తున్నారనే అనుకుంది.

"మంచిదండీ. కొట్టెయ్యనీ," అంది.

అందరూ వెళ్ళాక కొమ్మలన్నీ ఊడ్చి గట్టు మీద పోసింది. మర్నాడు తాళంచెవి పాస్టరుగారికి ఇచ్చేసి వచ్చింది. ఆయన వద్దనలేదు. అప్పటినుంచి చర్చిలో ఆఖరి వరసలో, గుమ్మం పక్కన కూర్చునేది. సెలవులకి వచ్చినప్పుడు నేనూ అక్కడే కూర్చునేదాన్ని. ముందు వరసల్లో ఎవరు తల తిప్పినా మమ్మల్నే చూస్తున్నారనిపించేది. ఒకసారి జ్వరమని వంకపెట్టి ఇంట్లో ఉండిపోయాను. అమ్మ నన్నేమీ అడక్కుండా ఒక్కతే వెళ్ళివచ్చింది.

కొన్నాళ్ళకి మోడు కొమ్మలు చిగిర్చాయి. చిగుళ్ళ పక్కన వేపపూతలా చిన్న చిన్న పూలు వచ్చాయి. సెలవుకి వచ్చి వాటిని ముందు చూసింది నేనే. అమ్మ దగ్గరకి వెళ్ళి చూసి, ముట్టుకోకుండా ఇంట్లోకి వచ్చేసింది. ఎండలు ముదిరేసరికి గుత్తులు కట్టాయి. అక్కడక్కడా, పలచగా, శనగల కంటే కాస్త పెద్ద కాయలు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పాస్టరుగారిని పిలుచుకొస్తానన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వద్దే. మళ్ళీ కట్టేననుకుంటారు."

కావాలంటే లాగి చూసుకోమందాం అన్నాను. మనింటికొచ్చి కాయలు లాగి చూసుకుంటారా, అదేం మర్యాద అంది. గేటు గొళ్ళెం వేసి రమ్మంది. పసిపిల్లకి అన్నం పెట్టినంత నెమ్మదిగా ఒక్కో గుత్తి కోసి గిన్నెలో వేసింది. పళ్ళు బాగా పుల్లగా ఉన్నాయి. ఎండుమిర్చి, మెంతులు వేయించి వాటితో పచ్చడి నూరింది. ఇద్దరం వంటింట్లో కూర్చుని వేడన్నంలో కలుపుకుని తిన్నాం. ఎలా ఉందే అని అడిగింది. బాగుందన్నాను. ఆవిడ ఇంకొంచెం వడ్డించింది.