ఐస్ పెట్టెలో గిటారు

2023 వేసవి. సముద్రంలో వేట నిషేధం నడుస్తున్న రోజులు. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి కాబట్టి వాటి వైర్‌లెస్ సెట్లు, స్పీకర్లు, చార్జర్లు అన్నీ ఆ రెండు నెలల్లోనే రిపేరుకి వచ్చి పడతాయి. మల్కాపురంలో జానెడు జాగాలో నా షాపు. ఆంప్లిఫయర్లు బాగుచెయ్యడంలోనే నా జుట్టు తెల్లబడింది. నా పనేమిటో ఒక్క ముక్కలో చెప్పమంటే, గరగర తీసెయ్యడం. పెళ్ళి మైకులో గరగర, బోటు వైర్‌లెస్‌లో గరగర, గుడి స్పీకర్లో గరగర. దాన్నే మేం డిస్టార్షన్ అంటాం. లోపలికి వెళ్ళిన శబ్దం ఒకటి, బయటికి వచ్చేది ఇంకొకటి అయితే సెట్టు పాడైనట్టే లెక్క. అలాంటివాడి దగ్గరికి ఒకావిడ వచ్చి గరగర పెట్టిమ్మంది.

పేరు రత్నం. ముప్పై దాటి ఉంటాయి. హార్బర్‌లో ఐస్ ప్లాంటులో కంప్రెసర్ల దగ్గర డ్యూటీ. వాళ్ళమ్మ పోలమ్మ చేపలు అమ్ముతుంది. భుజాన గిటారు సంచీ చూసి, సినిమా పాటల బ్యాచి అనుకున్నాను. ఆవిడ ఫోన్‌లో ఒక విదేశీ రాక్ పాట పెట్టి, గిటారు వచ్చే చోట ఆపింది.

"ఈ సౌండు కావాలి బాబాయ్."

నేను చెవి ఒగ్గి విన్నాను. చిన్నప్పటి నుంచీ అలవాటైన రోగనిర్ధారణ నోట్లోంచి వచ్చేసింది. "ఆడి ఆంప్లిఫయర్ పోయిందమ్మా. అవుట్‌పుట్ వాల్వు అరిగిపోనాది. మంచి మెకానిక్‌కి సూపించుకోమని సెప్పు."

రత్నం పడీపడీ నవ్వింది. బల్ల మీద సోల్డరింగ్ ఐరన్ కిందపడేంత నవ్వు. "ఆ పాడైపోవడమే నాకు కావాలి బాబాయ్! ఆ సౌండు కోసం పెపంచకమంతా కొట్టుకు సత్తన్నాది!"

నాకు కొంచెం కోపమొచ్చింది, సిగ్గూ వేసింది. ఇంకో రెండు పాటలు పెట్టించుకుని విన్నాను. మొత్తం మూడు రకాల టోన్లు. టోన్ అంటే స్వరం కాదు, స్వరానికి ఉండే గొంతు. ఒకే మాట తల్లి అన్నా తాసీల్దారు అన్నా తేడా తెలుస్తుందే, అది. మొదటి గిటారిస్టుది గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు తేటగా ఉంది. రెండోవాడిది ముతక, రంపం కోత. మూడోవాడు ఒక్క తీగ మీటి వదిలితే అది ఆగకుండా ఏడుస్తూనే ఉంది. "అదెలా ఆగట్లేదు?" అన్నాను. "అదే బాబాయ్, అదే నాకు రావట్లేదు," అంది.

ఆవిడ దగ్గర చిన్న డిజిటల్ పెడల్ ఒకటి ఉంది. కాలితో నొక్కితే రకరకాల గొంతులు మార్చే డబ్బా. వాయించి చూపించింది. అన్ని గొంతులూ ఉన్నాయి, ఒక్కదానికీ ప్రాణం లేదు. ఆడలేక మద్దెల ఓడు అనే రకమేమో అని మొదట అనుమానపడ్డాను. కానీ ఆ వేళ్ళు చూశాక అనుమానం పోయింది. మద్దెలే ఓడు.

తొందరేమిటని అడిగితే అసలు సంగతి చెప్పింది. బీచ్ రోడ్డులో రాక్ సంగీతం మీద ఒక సాయంత్రం కార్యక్రమం. రత్నం బ్యాండుకి ఛాన్స్ వచ్చింది. మిగతా ముగ్గురూ పోర్టు ఉద్యోగులు, గిటారు ఈవిడ. ఆ మూడు పాటలే వాయించాలి. కార్యక్రమం మేనేజరు వీళ్ళ రిహార్సల్ విని, గిటారు గొంతు అసలు రికార్డులా లేదన్నాడు. అక్కడితో ఊరుకోలేదు. "మీరు గిటారు పట్టుకుని స్టైలుగా నిలబడండి మేడమ్, చాలు. గిటారు సౌండు మేం ట్రాక్‌లో వేసేస్తాం," అన్నాడట. ట్రాక్ అంటే ముందే రికార్డు చేసి పెట్టుకున్న సంగీతం. ఈవిడ వేళ్ళు ఆడిస్తుంది, జనం ఇంకెవరో వాయించింది వింటారు. జనం చెవిలో పువ్వు.

"నాను బొమ్మనేటి, నిలబడ్డానికి?" అంది. కళ్ళలో నీళ్ళు లేవు. మంట ఉంది. ఆ మంట నాకు నచ్చింది.

నా షాపు అటక మీద పాత మైక్‌సెట్టు ఆంప్లిఫయర్ ఒకటుంది. ఆనందపురం నుంచి ఒక నాటకాల మైక్‌సెట్టాయన రిపేరుకి తెచ్చి, తర్వాత ఆ వ్యాపారమే మానేసి, దీన్ని నాకే వదిలేశాడు. ట్రాన్సిస్టర్లు కావు, గాజు వాల్వులు. స్విచ్చి వేస్తే లోపల ఎర్రగా కాగి మెల్లగా మేలుకుంటాయి. నాటకంలో పద్యం తారస్థాయికి వెళ్ళినప్పుడు ఇవి తట్టుకోలేక గీరేవి, జనం మైక్‌సెట్టాయన్ని తిట్టేవారు. రత్నం పెట్టిన రెండో పాట వింటున్నప్పుడే నాకా గీరుడు జ్ఞాపకమొచ్చింది. దించి, మూత విప్పి, వాల్వుల మీద నంబరు చదివాను. రత్నం ఫోన్‌లో వెతికి, ఆ విదేశీ ఆంప్లిఫయర్లలోనూ అదే నంబరు వాల్వులని చూపించింది. ఇద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. అంటే ఆ ప్రపంచ ప్రసిద్ధమైన గొంతు మా ఊళ్ళ నాటకాల్లో ఎప్పుడో మోగింది. మనం తిట్టి నోరు మూయించాం.

ఇలాంటి సెట్టు లోపల మనిషిని చంపేంత కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లనే చిన్న డబ్బాల్లో నిలవుంటుంది. అందుకే, కరెంటు ఒక చేతిలోంచి గుండె మీదుగా రెండో చేతికి పోకుండా, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రెండో చేత్తో పని చెయ్యమని మా గురువు చెప్పేవాడు. అలాగే చేశాను. ఎండిపోయిన కండెన్సర్లు మార్చి, ఎర్తు సరిగ్గా వేసి, మైకు కోసం చేసిన ఇన్‌పుట్‌ని గిటారుకి పొంతన కుదిరేలా సవరించాను. రత్నం తీగ మీటింది. తేటగా, మర్యాదగా పలికింది. వాల్యూమ్ పెంచుతూ పోయాం. సగం దాటాక ముతక మొదలైంది. నిండా పెట్టాక ఒక తీగ మీటి వదిలితే, అది స్పీకర్లోంచి వచ్చి మళ్ళీ గిటారునే తాకి, తీగని ఊపి, ఆగకుండా ఏడ్చింది. రత్నం అరిచేసింది. నేనూ అరిచాను.

మా ఇద్దరి కంటే గట్టిగా వీధి అరిచింది. "తగ్గించండి!" అని.

అదీ చిక్కు. వాల్వు ఆ గొంతు విప్పాలంటే దాన్ని నిండా తొయ్యాలి. నిండా తోస్తే ఊరంతా వినబడుతుంది. బీచ్ కార్యక్రమంలో మిక్సర్ మీద ఉండేది ఎర్రినాయుడు. మిక్సర్ అంటే అందరి శబ్దాలూ కలిపి హెచ్చుతగ్గులు చూసే బల్ల. నాకు పాత స్నేహితుడు. ఫోన్ చేసి అడిగాను.

"స్టేజి మీద అంత సౌండు పెడితే నాను ఒప్పుకోను బావా. పాట ఇనబడదు. తగ్గించమని సెప్పు."

రత్నం పక్కనే ఉండి వింది. "ఇంట్లో వాయిత్తే తగ్గించు. బ్యాండులో వాయిత్తే తగ్గించు. గట్టిగా నవ్వితే తగ్గించు. పుట్టిన్నుంచీ ఇదే మాట బాబాయ్. తగ్గిత్తే ఆ గొంతు సచ్చిపోతాది. ఆలకి తెలీదా?"

ఇద్దరం హార్బర్‌లో టీ తాగుతూ కూర్చున్నప్పుడు దారి దొరికింది. నిషేధం కదా, ఐస్ పెట్టెలన్నీ ఖాళీగా బోర్లించి ఉన్నాయి. లోపలి చల్లదనం బయటికి పోకుండా మందపాటి గోడలతో చేసిన పెట్టెలు. చలిని ఆపే గోడ శబ్దాన్ని కొంతైనా ఆపదా? స్టూడియోల్లో స్పీకర్నీ మైకునీ ఇలాంటి మూసిన పెట్టెలో పెట్టి రికార్డు చేస్తారు, ఐసోలేషన్ బాక్స్ అంటారు. పోలమ్మని పెట్టె అడిగాం.

"పాటలు పెడతారా దీన్లో? పెట్టండి. కంపు కొడతాది మరి, నన్ననకండి," అంది.

పెట్టె లోపల పాత పరుపు ముక్కలు పరిచి, ఊడిపోకుండా చిరిగిన వలతో బిగించాం. కరిగిన ఐసు నీళ్ళు పోవడానికి అడుగున కన్నం ఉంటుంది కదా, వైర్లు అందులోంచి తెచ్చాం. ఆంప్లిఫయర్ బయట, స్పీకరూ మైకూ లోపల. ఆ మైకు వైరు మిక్సర్‌కి వెళ్తే, అక్కణ్ణుంచి పెద్ద స్పీకర్లలో జనానికి వినబడుతుంది. మూత వేస్తే నిండా తోసినా పక్కింటివాళ్ళకి పట్టలేదు. ఇంకో మంచి సంగతి రత్నమే కనిపెట్టింది. ఆంప్లిఫయర్ని నిండా ఉంచేసి, గిటారు మీదుండే చిన్న వాల్యూమ్ బటన్ని చిటికెన వేలితో తిప్పితే చాలు. కొంచెం ఉంచితే మొదటివాడి తేట గొంతు, పెంచితే రెండోవాడి ముతక. "సూడు బాబాయ్, తగ్గిత్తన్నాను. నాకై నాను తగ్గిత్తన్నాను," అని నవ్వింది.

మూడో గొంతు మాత్రం పోయింది. శబ్దం గిటారుని తాకితేనే ఆ తీగ ఏడుస్తుంది. మూత వేశాక తాకేదేముంది?  రెండైనా నావి, మూడోది పోతే పోనీ అంది రత్నం. నాకు మాత్రం మనసొప్పలేదు.

కార్యక్రమం రోజు మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో పెట్టె దించాం. మేనేజరు ముక్కు మూసుకున్నాడు. "ఏంటండీ ఈ వాసన?"

"గిటారు సార్," అంది రత్నం.

ఆవిడ వైరు చేత్తో పట్టుకుందో లేదో, మిక్సర్ దగ్గర్నుంచి ఎర్రినాయుడు కేకేశాడు. "అమ్మా, కొంచెం తగ్గించు!"

"ఇంకా ఆన్ సెయ్యలేదన్నా."

ఎర్రినాయుడు తల గోక్కున్నాడు. తర్వాత రత్నం వాయించింది. రెండు పాటలకీ ఎర్రినాయుడు తలెత్తి చూస్తూనే ఉన్నాడు. మేనేజరు మాత్రం, "బాగానే ఉంది. అయినా సేఫ్టీకి ట్రాక్ ఉంటుంది," అని వెళ్ళిపోయాడు. ఆ సేఫ్టీ ఎవరికో నాకప్పుడు బుర్రకెక్కలేదు.

సాయంత్రం జనం బాగానే వచ్చారు. నేను స్టేజి మీద ఓ వార పెట్టె పక్కన నిలబడ్డాను. మొదటి రెండు పాటలూ బాగా జరిగినట్టే అనిపించింది. మూడో పాట మధ్యలో రత్నం ఒక తీగని పైకి సాగదీసింది. పెద్ద స్పీకర్లలో స్వరం సాగలేదు. ఆవిడ నా వైపు చూసింది. మళ్ళీ సాగదీసింది. స్పీకర్లలో గిటారు దాని మానాన అది తప్పు లేకుండా పాడుకుంటూ పోతోంది. ఇంతసేపూ జనం విన్నది ఈవిణ్ణి కాదు, మేనేజరు ట్రాక్‌ని. నాకు ఒళ్ళు మండిపోయింది.

రత్నం ఏడవలేదు, అరవలేదు. రెండు చేతులూ గిటారు మీంచి తీసి పైకెత్తింది.

గిటారు మోగుతూనే ఉంది. చేతులు గాల్లో ఉన్నాయి. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరికీ అర్థమైంది. ఈలలు మొదలయ్యాయి. అప్పుడు చేతులు దించకుండానే నాతో అంది.

"బాబాయ్, మూత తియ్యి."

తీశాను. తియ్యడమేమిటి, పీకి అవతల పారేశాను. రత్నం స్పీకరుకి ఎదురుగా నిలబడి ఒక్క తీగ మీటింది. ఆ పాత నాటకాల సెట్టు నోరు తెరిచింది. అది ఏడుపూ కాదు, కోపమూ కాదు, రెండూను. స్వరం లేచింది, ఆగలేదు. ట్రాక్ ఎక్కడో అడుగున పడిపోయింది. చేపల కంపూ ఆ గొంతూ కలిసి ఇసక దాకా వెళ్ళాయి.

మేనేజరు మిక్సర్ దగ్గరికి పరిగెత్తాడు. "తగ్గించండి! తగ్గించండి!" అని అరవడం నా దాకా వినబడింది.

ఎర్రినాయుడు ట్రాక్ బటన్ మాత్రం కిందకి లాగేశాడు. తర్వాత రెండు చేతులూ బల్ల మీంచి తీసి కట్టుకుని కూర్చున్నాడు. "నా సేతిలో లేదు సార్. ఆయమ్మ సేతిలో ఉంది," అన్నాడట. నాకా మాట మర్నాడు వాడే చెప్పాడు, కొంచెం గొప్పగానే.

చాలాసేపటికి రత్నం చిటికెన వేలితో గిటారు బటన్ని మెల్లగా తిప్పింది. గొంతు తేలికై, తేటబడి, సన్నగిల్లింది. అంత జనమూ కిక్కురుమనలేదు. అలల చప్పుడు వినబడింది. అంత తగ్గించమని అక్కడ ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

ఆ గొంతు రికార్డులోని గొంతుకి అచ్చంగా సరిపోయిందా అంటే సరిపోలేదు. ఆ విదేశీయాయన గొంతు కోసం మొదలెడితే రత్నం గొంతు బయటికొచ్చింది. నేను మాత్రం ఈ కేసు తర్వాత ఏ సెట్టు గరగరలాడుతున్నా వెంటనే స్క్రూడ్రైవర్ తియ్యడం మానేశాను. ముందు తెచ్చినవాళ్ళని అడుగుతున్నాను, "ఇది పాడైందా, మాట్లాడుతోందా?" అని. కొందరు నన్ను వింతగా చూస్తారు. చూడనివ్వండి.

నిషేధం ఎత్తేశాక పెట్టె పోలమ్మకి తిరిగిచ్చేశాం, మళ్ళీ అందులో చేపలే. స్పీకరు నా షాపులో ఉంది. దానికి పట్టిన వాసన ఇంకా పోలేదు. తుడవమని ఎవరైనా అంటే వాళ్ళతో పోట్లాడతాను.