అంజక్క రొట్టెలు, నా సంతకం

సంతకం పెట్టి ఆస్తులు పోగొట్టుకున్నవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. ఒక్క సంతకంతో సొంత అక్క చేసే జొన్న రొట్టెలను తీసుకెళ్ళి ఎలుకల మందు పక్కన నిలబెట్టినవాడు మాత్రం జహీరాబాద్ మొత్తానికి నేనొక్కణ్ణే. అది ఎలా జరిగిందో చెబుతాను. నవ్వండి, నేనేమీ అనుకోను. మా అక్క ఇప్పటికీ నవ్వుతూనే ఉంది. అదీ నా ముందే, చుట్టాలందరినీ కూర్చోబెట్టుకుని మరీ.

ముందు నా గురించి ఒక మాట. డిగ్రీ మధ్యలో వదిలేశాను గానీ చదువు వదల్లేదు. మా ఊరి గ్రంథాలయంలో ఫ్యాను కింది కుర్చీ నాదేనని పేపరు కోసం వచ్చే పెద్దమనుషులు కూడా ఒప్పుకున్నారు. అల్లం సాగు నుంచి అంతరిక్షం దాకా నేను తెరవని బీరువా లేదు. నాకున్న జబ్బు ఒక్కటే. చదివింది వెంటనే ఎవరి మీదైనా ప్రయోగించకపోతే అన్నం సయించదు. తేనెటీగల పెంపకం చదివిన వారం మా బావ ముఖం ఏ ఆకారంలో ఉండేదో ఇక్కడ అప్రస్తుతం.

ఇక మా అంజక్క. ఆమె జొన్న రొట్టె తడుతుంటే ఆ చప్పుడు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. ఝరాసంగం నుంచి జొన్నలు తెప్పించి, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళను తోడు పెట్టుకుని రొట్టెలు అమ్మడం మొదలుపెట్టింది. మెత్తవీ చేస్తుంది, నెలల తరబడి నిలవుండే కడక్ రొట్టెలూ చేస్తుంది. అంతా బాగానే సాగుతుండగా హైవే పక్క ఫ్యాక్టరీ క్యాంటీన్ నుంచి మేనేజరు ఫోన్ చేశాడు. ఆయన పేరు మూర్తి గారు, గోదావరి జిల్లా మనిషి.

"మా కుర్రాళ్ళు రోజూ అన్నం వద్దు, జొన్న రొట్టె పెట్టమని ఒకటే గోలండీ. మీ పేరే చెబుతున్నారు. రోజూ పంపగలరా? మా పెద్దసారుకి చూపించాలి. మీకు వెబ్‌సైటు ఉందా అండీ? పేరు కొడితే వస్తుందా?"

"వస్తది సార్," అంది అక్క, వెబ్‌సైటంటే ఏమిటో తెలియకుండానే.

"అయితే సోమవారం చూసి చెబుతానండీ."

ఆ ఆర్డరు మీద ఆశతో అక్క అప్పటికే పెద్ద పెనం కొనేసింది. పక్కింటి ఇద్దరూ బీడీలు చుట్టే పని మానేసి వచ్చేశారు. అంటే, ఆర్డరు రాకపోతే ముగ్గురి ఇళ్ళలోనూ పొయ్యి వెలగదు. అక్క నా వైపు తిరిగింది.

"తమ్మీ, గిన్ని పుస్తకాలు నమిలినవ్ కదా. జర గీ పని చెయ్యి."

ఇంతకాలం ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నవాణ్ణి ఇక ఆపేదెవరు? వెబ్‌సైటు ఆ సాయంత్రమే తయారైంది. అందులో ఒకే ఒక్క ఫొటో. దాంట్లో రొట్టె కంటే నా బొటనవేలు పెద్దగా పడింది. కానీ పేరు కొడితే ఆ సైటు ఎంతకీ రావడం లేదు. ఇంకేం, గ్రంథాలయానికి పరుగెత్తాను. బీరువా అడుగు అరలో, చెదలు మొదటి అధ్యాయం చదవడం పూర్తిచేసిన ఒక పుస్తకం దొరికింది. ఇంటర్నెట్‌లో వ్యాపారం పెంచుకోవడం గురించి. అందులో రహస్యమంతా ఉంది.

ఇంటికొచ్చి అక్కకు పాఠం చెప్పాను.

"అక్కా, ఇంటర్నెట్ల ఫోరమ్‌లు అని ఉంటయి. రచ్చబండ లెక్క. అందరు ఒకరినొకరు అడుగుకుంటరు, చెప్పుకుంటరు. ఆడ నేను ఏం రాసినా దాని కింద నా సంతకం దానంతటదే పడ్తది."

"ఇంటర్నెట్ల సంతకం ఎట్ల పెడ్తవ్‌రా? వేలిముద్రనా?"

"సంతకం అంటే పేరు కాదక్కా, రెండు లైన్ల మాట. అండ్ల మన సైటు లింకు పెడ్తం. ఒక్కో లింకు ఒక్కో ఓటు. ఎన్ని ఓట్లు పడితే మన సైటు గంత పైకొస్తది."

అక్క పిండి కలపడం ఆపింది. "అంటే నా పేరు మీద దొంగ ఓట్లు ఏస్తున్నవన్నట్టు."

"దొంగ ఓట్లు కావక్కా. విద్య."

"మంచిది. ఏం రాస్తవ్ మరి?"

"నువ్వే చెప్పు."

అక్క రొట్టె తడుతూనే చెప్పింది. "ఏమున్నది? ఒక్కసారి తింటే చాలు, మల్ల మీరే అడుగుకుంట వస్తరు అని రాయి."

ఎంత చక్కటి వాక్యం! కానీ నేను ఎంచుకున్న ఫోరమ్‌లో సంతకానికి ఇన్ని అక్షరాలే అని నియమం ఉంది. లింకు పోను మిగిలిన చోట అక్క వాక్యం పట్టలేదు. నేను పండితుణ్ణి కదా, సంక్షిప్తత గురించి కూడా చదివి ఉన్నాను. రెండో సగం కోసేశాను.

*అంజక్క జొన్న రొట్టెలు. ఒక్కసారి తింటే చాలు!*

పాఠకులారా, దయచేసి ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోదామన్నా ఊరు మరవనివ్వడం లేదు.

ఇంకో నియమం కూడా ఉంది. కొత్తగా చేరినవాడు కొన్నాళ్ళు నలుగురితో మాట్లాడితే గానీ సంతకం పెట్టనివ్వరు. దాందేముంది? 'జ్ఞానపిపాసి' అనే పేరుతో చేరి, కనిపించిన ప్రతి చర్చలోకీ దూరాను. చదివే తీరిక ఎక్కడిది? ఒకచోట "చక్కగా చెప్పారు" అన్నాను, ఇంకోచోట "నా అనుభవం కూడా ఇదే" అన్నాను. పెళ్ళిపందిట్లో అత్తరు చల్లేవాడిలా ఎవరు ఎదురొస్తే వాళ్ళ మీద చల్లుకుంటూ పోయాను. ఆదివారానికి అనుమతి వచ్చింది. సంతకం పెట్టగానే నా పాత మాటలన్నిటి కిందా అది ఒక్కసారిగా వెలిగింది. ఏ మాట కింద వెలిగిందో చూడాలని మాత్రం నాకు తోచలేదు. చూడమని పుస్తకంలో లేదు మరి.

సోమవారం మూర్తి గారి ఫోన్ వచ్చింది. అక్క చేతులనిండా పిండి. నేను స్పీకరు పెట్టి పట్టుకున్నాను.

"అంజమ్మ గారూ, మీ రొట్టెలు మనుషులకేనాండీ?"

"గదేం మాట సార్?"

"ఏం లేదండీ. మీ పేరు కొట్టాను. మీ సైటు రాలేదు గానీ, ఒక గేదె వచ్చింది."

"గేదె అంటే బర్రె," అని అక్క చెవిలో చెప్పాను.

"బర్రెకు నా రొట్టెకు ఏం సంబంధం సార్?"

"అదే నాకూ తెలీడం లేదండీ. చదువుతాను వినండి. 'మా గేదె మేత ముట్టడం లేదు, పడుకుని లేవడం లేదు' అని ఎవరో రైతు రాశాడు. కింద జ్ఞానపిపాసి అనే ఆయన 'నా అనుభవం కూడా ఇదే' అన్నాడు. ఆ కింద 'అంజక్క జొన్న రొట్టెలు. ఒక్కసారి తింటే చాలు' అని ఉందండీ."

అక్క నా వైపు చూసింది. "జ్ఞానపిపాసి ఎవడురా?"

నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

"ఇంకోటండీ," మూర్తి గారి గొంతు వణుకుతోంది. అది నవ్వో భయమో అప్పుడు తెలియలేదు. "'ఎలుకలు చావడానికి ఏ మందు మంచిది' అని ఒకావిడ అడిగింది. దాని కిందా అదే ఆయన, అదే రొట్టె. 'మా తాతగారు రాత్రి భోజనం చేసి పడుకుని ఇక లేవలేదు' అని ఇంకొకాయన బాధపడ్డాడు. ఆ కింద కూడా..."

"ఒక్కసారి తింటే చాలు," అంది అక్క నీరసంగా.

"అదేనండీ. మా పెద్దసారు పక్కనే కూర్చుని చూశారు. రేపు చెబుతానండీ."

ఫోన్ పెట్టేశాక పక్కింటి ఆమె మెల్లగా అడిగింది, "అక్కా, బీడీల ఆకు వాపసు తెచ్చుకోమంటవా?"

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. కానీ పండితుడు ఓటమి ఒప్పుకుంటాడా?

"అక్కా, ఫికర్ చేయకు! సంతకం ఒక్కకాడ మారిస్తే చాలు, అన్నిటి కింద మారుతది. గా సార్‌కు వచ్చిన అనుమానం మనం గీ నిమిషంలనే తీసేస్తం."

ఆయన అనుమానం ఏమిటి? రొట్టెలు మనుషులకా, పశువులకా అని. దానికి సూటిగా జవాబు రాసి సంతకంలో పెట్టాను.

*అంజక్క జొన్న రొట్టెలు. మనుషులకు మాత్రమే!*

ఈసారి బుద్ధి తెచ్చుకుని వెళ్ళి చూశాను. గేదె దగ్గర పర్వాలేదు. తాతగారి దగ్గర కొంచెం ఇబ్బందిగా ఉంది. అసలు ప్రమాదం ఎలుకల మందు దగ్గర. "ఒక్క దెబ్బకు ప్రాణం పోయే మందు చెప్పండి" అని కూడా ఆవిడ అడిగింది. "చక్కగా చెప్పారు" అని నేనన్నాను. ఆ కింద, అంజక్క జొన్న రొట్టెలు, మనుషులకు మాత్రమే.

గబగబా దాన్ని తీసేయబోయాను. అప్పుడే తెరమీద ఒక మాట ప్రత్యక్షమైంది. 'జ్ఞానపిపాసి గారూ, ప్రకటనల కోసం వేదికను వాడుకున్నందుకు మీ ప్రవేశం రద్దు చేశాం.' తలుపు మూసుకుంది. నా సంతకం లోపలే ఉండిపోయింది.

గ్రంథాలయం సారు దగ్గరకు వెళ్ళి పుస్తకం బల్లమీద పడేశాను. ఆయన దాన్ని తిప్పి చూసి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు.

"గిది అచ్చయినప్పుడు మన ఊర్ల నెట్ సెంటర్లు ఉండె. ఇప్పుడు ఒక్కటన్నా కనవడ్తుందా? జర కొత్తది చదువు."

కొత్తది చదివాను. సెర్చ్ ఇంజన్లు ఈ తెలివిని ఏనాడో కనిపెట్టాయట. సంతకాల్లోని లింకులకు 'ఈ ఓటు లెక్కపెట్టకండి' అని చాలా ఫోరమ్‌లు తామే గుర్తు తగిలిస్తాయట. నేను వేసిన ఓట్లలో ఒక్కటీ చెల్లలేదు. ఆ సంగతి అక్కకు చెబితే, "ఓటూ పడలే, డిపాజిట్టూ పోయింది," అంది.

కానీ మా అక్క డిపాజిట్ పోయిందని ఇంట్లో కూర్చునే రకం కాదు. మర్నాడు పొద్దున్నే వేడి రొట్టెలు గుడ్డలో చుట్టి, నువ్వుల కారం, ఉల్లిగడ్డ పెట్టుకుని నన్ను షేర్ ఆటో ఎక్కించింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర మూర్తి గారిని పిలిపించింది. ఆయన వెనకే మరో పదిమంది వచ్చారు. వాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తోంది, అందరూ ఆ ఎలుకల మందు చర్చ చదివే వచ్చారు.

"సార్, మా తమ్ముడు సగమే రాసిండు. మిగిలిన సగం చెప్పనీకి వచ్చిన."

"ఏంటమ్మా అది?"

"ముందుగాల తినుండ్రి."

మూర్తి గారు ఒక్క క్షణం ఆగి, వెనక్కి చూసి, ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు. పదిమందీ ఆయన గొంతు వైపే చూస్తున్నారు. ఆయన నమిలారు. ఇంకో ముక్క తుంచారు. రొట్టె అయిపోయింది. అక్క చేతిలోని గుడ్డ వైపు చూస్తూ అన్నారు:

"ఇంకొకటి ఉందాండీ?"

అక్క నా డొక్కలో ఒక్క పోటు పొడిచింది. "విన్నవా? మల్ల మీరే అడుగుకుంట వస్తరు. గదిరా రెండో సగం."

ఆర్డరు వచ్చింది. బీడీల ఆకు మళ్ళీ తేవాల్సిన పని పడలేదు. పెద్ద పెనం రోజూ పొగలు కక్కుతోంది. క్యాంటీన్‌లో రొట్టెలు పెట్టే చోట మూర్తి గారు దగ్గరుండి ఒక బోర్డు రాయించారు. ఫ్యాక్టరీ చూడటానికి వచ్చినవాళ్ళంతా దాని ముందు నిలబడి ఫొటో దిగి వెళుతున్నారు. బోర్డు మీద ఉన్న మాట ఇది: 'అంజక్క జొన్న రొట్టెలు. మనుషులకు మాత్రమే.'

కాబట్టి నేను, ఒకప్పటి జ్ఞానపిపాసిని, గ్రంథాలయంలోని నా ఫ్యాను మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి బాధా చదవకుండా "చక్కగా చెప్పారు" అనను. మా అక్క చెప్పిన వాక్యాన్ని సగానికి కోయను. బతికినన్నాళ్ళూ నా సంతకం కింద మరొక్క ముక్క రాయను. ఇదిగో, సంతకం పెట్టేశాను. కింద చూడండి, ఏమీ లేదు.

రొట్టెల ధర మాత్రం అక్కనే అడగండి.