తాలింపు ఘాటూ, పొగ గంటా

ఆమధ్య పెద్ద జ్వరం వచ్చి తగ్గాక మా అత్తగారికి వాసన తెలియడం పోయింది. ఆ సంగతి మాకు చాలాకాలం తెలియలేదు. తెలియనిస్తే కదా! తాలింపులో ఎండుమిరపకాయలు వేగాయో లేదో హాల్లో మా దగ్గుల్ని బట్టి చూసుకునేవారట. నేను గట్టిగా తుమ్మితే పప్పులో తాలింపు పడిపోయేది. ఎండకు భయపడి తలుపులన్నీ బిగించుకున్న ఫ్లాట్లో మా ముక్కులే ఆవిడకు దిక్కు.

ఒకరోజు మా ఆయన ఆఫీసుకీ, నేను పాఠాలు చెప్పే కాలేజీకీ వెళ్ళాక పొయ్యి మీద పాలు మాడి, పక్కనున్న మసిగుడ్డ అంటుకుంది. ఎదురింటివాళ్ళు తలుపు కొడితేగానీ ఆవిడకు తెలియలేదు; ముక్కు సంగతి మాకు అప్పుడే బయటపడింది. వంటమనిషిని పెడదాం, అమ్మ ఇక పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దని మా ఆయన తేల్చేశారు. పామర్రులో కాపురానికొచ్చిన నాటినుంచీ ఇంటెడుమందికి వండిపెట్టిన మనిషి అలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నాకు మనసొప్పలేదు. పొగ వస్తే మోగే గంట ఒకటి కొందాం, వంట మాత్రం ఆవిడదే అని పట్టుబట్టాను.

మా ఆయన బెంజ్ సర్కిల్ దగ్గర కొనుక్కొచ్చి, దాన్ని సరిగ్గా పొయ్యి పైన సీలింగుకు బిగించారు. పొగ పుట్టేది అక్కడేగా అని ఆయన లెక్క. తెలుగువాళ్ళ పొయ్యి మీద అలాంటిది పెడితే రోజూ దీపావళే. మొదటి తాలింపుకే గగ్గోలు పెట్టింది. మర్నాటినుంచి పప్పులో తాలింపు లేదు, చారులోనూ లేదు. అడిగితే, వయసొచ్చింది కదమ్మా, ఘాటు పడటం లేదన్నారు. అబద్ధం. అది మోగిన ప్రతిసారీ కొడుకు వంట మానిపిస్తాడని ఆవిడ భయం. నాకు ఏడుపొచ్చింది, మా ఆయన మీద ఒళ్ళు మండింది కూడా.

ఆదివారం నేనే స్టూలెక్కాను. ఫ్యాను పక్కన పెడితే గాలికి పొగ చెదిరిపోతుంది. దేవుడి గూడు దగ్గర పెడితే శుక్రవారం సాంబ్రాణికి మోగుతుంది. చివరికి వంటింటికి దూరంగా, హాల్లోంచి ఆవిడ గదికి వెళ్ళే దారి పైన బిగించి, తాలింపు వెయ్యమన్నాను. ఇంటిల్లిపాదీ దగ్గాం, గంట మాత్రం నోరెత్తలేదు. తర్వాత అగరొత్తుల కట్ట వెలిగించి దాని కింద పట్టుకుంటే వీధి చివరికి వినపడేలా అరిచింది.

ఆవిడ చెవులు మూసుకోలేదు. తలెత్తి దానివంకే చూస్తూ, "మీరు లేనప్పుడు కూడా ఇంత గట్టిగా అరుస్తుందా అమ్మాయ్?" అన్నారు.

అరుస్తుందన్నాను.

"అయితే ఇక నేను వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చోనక్కర్లేదు. ఆ గుడ్డ అంటుకున్న రోజునుంచీ, మీరెళ్ళాక పొయ్యి ఆర్పేసినా సరే, ఏదన్నా కాలుతోందేమోనని మీరొచ్చేదాకా అక్కడే కూర్చుంటున్నాను."

మర్నాడు మధ్యాహ్నం కాలేజీ నుంచి ఫోన్ చేశాను. నిద్రగొంతుతో ఎత్తి, ఏమ్మా అన్నారు. ఏం లేదు, పడుకోండి అత్తయ్యగారూ అని పెట్టేశాను.