భూమి ఊగినా అమ్మకు చిన్నబిడ్డ మాటే

మా అమ్మకు ఇద్దరం ఆడపిల్లలం. పెద్దదాన్ని నేను, మానుకోటల కిరాణం దుకాణపోళ్ళ ఇంటి కోడల్ని. చిన్నది మా చెల్లె, భూపాలపల్లిల ఉంటది. మా మరిదికి బొగ్గుబాయి ఆఫీసుల నౌకరి. నాయిన పోయినంక అమ్మ జనగామల ఇంటికి తాళం ఏసి చెల్లె దగ్గరికి పోయింది. పోయిందంటే చూసొస్తనని పోవుడు కాదు, బట్టల పెట్టెతోని పోయింది. పెద్దబిడ్డ ఉండంగ చిన్నబిడ్డ ఇంటికి పోవుడేంది? ఈ మాట నేను అమ్మను అడగలే. మా ఆయన్ను అడిగిన, పక్కింటామెను అడిగిన, దేవుని పటం ముంగట నిలవడి కూడ అడిగిన.

ఈసారి ఎట్లన్న జేసి అమ్మను తోల్కరావాలెనని చలికాలంల భూపాలపల్లి పోయిన. పోయేసరికి అమ్మ మంచిగ ఒళ్ళు చేసి ఉన్నది. సంతోషపడాలె గద? నాకు కడుపుల మండింది. నా ఇంటికొస్తే మెతుకులు ఏరుకొని తినే మనిషి, ఈడ చెల్లె చేసిన సర్వపిండి అడిగి మరీ పెట్టించుకుంటున్నది. చెల్లె తలకు నూనె రాస్తే కండ్లు మూసుకుంటది. నేను రాస్తే మాత్రం, జర మెల్లగ రాయి బిడ్డా అంటది.

నా చేతిల ఉన్న సాకు ఒక్కటే, బ్లాస్టింగ్. ఓపెన్‌కాస్టు బాయిల రాయి పేల్చినప్పుడల్ల ఆ కాలనీ ఇండ్లు జల్లుమంటయి, కిటికీలు గలగలమంటయి. ఆడోళ్ళు, మొగోళ్ళు ఎవ్వరు చేతిల ముద్ద కూడ ఆపరు. గిసొంటి ఇంట్ల ముసలామెను ఎట్ల పెడ్తరు, ఏ పొద్దు ఏం కూలుతదో, నా ఇంట్లయితే నిమ్మళంగ ఉండచ్చు అని పొద్దుమాపు నాది అదే పాట. అమ్మ నవ్వి, అలవాటైంది తీ అనేది. చెల్లె నోరు తెరిచేది కాదు. ఏమన్న అంటే కొట్లాడదును, ఆ సందు కూడ ఇయ్యకపాయె.

ఆ పొద్దు నేను చాయ్ తాగుతున్న. అమ్మ మంచం మీద కూసున్నది, చెల్లె ఎనుక కూసొని తల దువ్వుతున్నది. ముందుగాల కాళ్ళ కింద బర్రుమని మోత వచ్చింది. ఎంటనే ఇల్లు కదిలింది. చెల్లె చేతిల దువ్వెన ఆపకుంటనే, బ్లాస్టింగ్ అన్నది. పొద్దుగాల బ్లాస్టింగ్ ఎవడు పెడ్తడు? వాళ్ళు పెట్టేది పగటిపూట బువ్వ తినే యాళ్ళకు. పైంగ అది ఒక్క జల్లుతోని పోతది, ఇది ఆగుతనే లేదు. కప్పుల చాయ్ తొణికి నా చీర మీద పడ్డది. ఫ్యాను అటుఇటు ఊగుతున్నది.

"అమ్మా, భూకంపం. లే, టేబుల్ కిందికి రా" అని చెయ్యి పట్టి గుంజిన.

అమ్మ లేవలే. నా మొకం చూసి, "చిన్నది చెప్పింది గదనే, బ్లాస్టింగే" అన్నది.

ఏమనాలె చెప్పుండ్రి. గోడలు ఊగుతున్నయి, వంటింట్ల గిన్నెలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నయి, అయినా మా అమ్మకు చిన్నబిడ్డ మాటే సత్యం. నాకు భయం కన్న ముందు కోపం వచ్చింది. పాణం మీదికొచ్చిన యాళ్ళ కూడ చెల్లెను చూసి ఓర్వలేకపోయిన.

అప్పుడు చెల్లె తలెత్తి ఫ్యాను దిక్కు చూసింది. చేతిల దువ్వెన కింద పారేసింది. "అమ్మా, కిందికి" అన్నది, గంతే. అమ్మ గబగబ మంచం దిగి టేబుల్ కింద దూరింది. ఎనుకనే మేమిద్దరం దూరినం. చెల్లె రెండు చేతులు అమ్మ తల మీద అడ్డం పెట్టింది. నాకు అమ్మ పాదం అందింది, అదే పట్టుకున్న.

ఊగుడు ఆగినంక కాలనీ మొత్తం రోడ్డు మీదికొచ్చింది. తలా ఒక మాట చెప్తున్నరు. గ్యాసు బందు చెయ్యాలె, కరెంటు తీగల కింద నిలవడద్దు, మల్ల ఊగుతదేమో, జరసేపు లోపలికి పోవద్దు అని. అమ్మ కుర్చీల కూసొని వచ్చినోళ్ళకల్ల, మా చిన్నది చెప్పబట్టి లేచిన అని చెప్తున్నది. నేను పక్కనే ఉన్న. ముందుగాల చెప్పిందెవరమ్మా అని అడిగితే చిన్నతనమైతదని ఊకున్న, లోపల మాత్రం ఉడికిపోయిన.

శానసేపటికి అందరు ఇండ్లల్లకు పోతుంటే, గోడలు చూసొస్తనని నేను లేచిన. బీటలు వెతికిన. భయంతోని కాదు, ఆశతోని. ఒక్క బీట కనవడితే చాలు, అమ్మను బస్సెక్కించచ్చు. అర్రలు, తలుపుల మీద, మూలమూలకు చూసిన. వెంట్రుక మందం గీత కూడ లేదు. రోజు జల్లుమనే ఊరాయె, బరువున్న సామానంత నేల మీదనే పెట్టుకుంటరు, మీదికెల్లి పడెటందుకు ఏం లేదు. కనీసం ఒక్క సీస పగిలినా బాగుండు అనుకున్న.

గప్పుడే మా ఆయన ఫోను చేసిండు. మానుకోటల కూడ ఊగిందట. ఎవరికేం కాలేదు గని, అమ్మ కోసం నేను సర్ది పెట్టొచ్చిన అర్రల సజ్జ మీదికెల్లి ఇత్తడి గంగాళాలు జారి మంచం మీద పడ్డయట. పట్టె ఇరిగిందట. మా షావుకార్ల ఇండ్లల్ల ఇత్తడి సామాను కంటికి కనవడేటట్టు పెట్టుడు ఆనవాయితీ. పెద్దబిడ్డ ఎంత ఉన్నింట్ల పడ్డదో అమ్మ పండుకొని చూడాలెనని, అవి తోమించి మంచం మీది సజ్జకు ఎక్కించింది నేనే. నిన్న అమ్మ నా వెంట వచ్చుంటే, ఆ యాళ్ళకు ఆ మంచం మీదనే కూసొని చాయ్ తాగేది.

బయటికొచ్చిన. అందరు మంచిగున్నరా అని అమ్మ అడిగితే, మంచిగున్నరన్న. అమ్మ నా చెయ్యి పట్టుకున్నది.

"గుండె దడ తగ్గుతలేదు బిడ్డా. నువ్వు చెప్తనే ఉన్నవు, నేనే ఇనలే. నీ ఇంటికే వస్త. ఇయ్యాలనే పోదాం."

చెల్లె మొకం చిన్నబోయింది. ఆ మొకం గట్ల అయితే చూడాలెననే నేను గంత దూరం వచ్చింది. చూసిన.

"వద్దమ్మా" అన్న. "చెల్లె ఇల్లే భద్రం. ఈడనే ఉండు."

అమ్మ నా చెయ్యి ఇడిసిపెట్టి, సరే బిడ్డా అన్నది. ఎందుకని కూడ అడగలే. నాకు బుద్ధి తెలిసినంక, నేను చెప్పంగనే అమ్మ నా మాట ఇన్నది ఆ ఒక్కసారే.