అన్నయ్య పక్కన కుంగిన నులక

నేను ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెబుతాను. పిల్లలు దెయ్యాల కబుర్లు మొదలుపెడితే కసిరి కూర్చోబెట్టేదాన్ని. ఇది రాస్తున్నది కూడా ఎవరినీ నమ్మించడానికి కాదు.

మాది అరకు దగ్గర కొండ మీద ఊరు. అన్నయ్య సోమన్న కాఫీ తోట చూసుకునేవాడు. జీలుగు కల్లు తాగేవాడు, అది దొరక్కపోతే సారా. పొద్దున్నే చేతులు వణికేవి. వదిన పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. అమ్మ కొండదేవతకు మొక్కుకుంది.

ఒక వానాకాలం అన్నయ్యకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గాక మళ్లీ తాగలేదు. ఎవరూ మాన్పించలేదు, తనే అడగడం మానేశాడు. అమ్మ మొక్కు తీర్చింది. వదిన తిరిగి వచ్చింది.

ఆ తర్వాత నిద్ర మొదలైంది. చేతిలో అన్నం ముద్దతోనే నిద్రపోయేవాడు. ఒకసారి చిన్నకొడుకు మాటకు నవ్వి, నవ్వుతూనే మోకాళ్లు జారి కూలిపోయాడు. తెలివి ఉంది, ఒళ్లు స్వాధీనంలో లేదు. మెల్లగా అన్నీ వదిలేశాడు. తోటకు వెళ్లడు. ఆకలి అనడు. పిల్లల్ని దగ్గరికి పిలవడు.

విశాఖలో డాక్టరు పరీక్షలు చేసి చెప్పాడు. మెదడులో ఒరెక్సిన్ అనే పదార్థం ఉంటుందట. మనల్ని మెలకువగా ఉంచేది అదే. ఏదైనా కావాలనిపించడంలోనూ, తాగుడు యావలోనూ దానికి పాత్ర ఉందట. దాన్ని తయారుచేసే కణాలు జ్వరం తర్వాత దెబ్బతిని ఉండొచ్చన్నాడు. నిద్రలోకి జారేటప్పుడు లేని మనుషులు కనిపించడం కూడా ఈ జబ్బు లక్షణమేనట. చనిపోయిన నాన్న వచ్చి పక్కన కూర్చుంటున్నాడని అన్నయ్య చెప్పేది అదేనని సరిపెట్టుకున్నాను. మందులు మెలకువను కొంచెం తెచ్చాయి. కోరికను తేలేదు.

ఒక మధ్యాహ్నం అమ్మే కల్లు తెచ్చి అన్నయ్య ముందు పెట్టింది.

"ఒరే నాయినా, ఒక్క గుక్క తాగరా. నీకేటైనా కావాలనుంటే సాలు."

అన్నయ్య గ్లాసు వైపు చూశాడు. "ఒద్దే అమ్మా" అని పడుకున్నాడు. అమ్మ బయటికి వెళ్లి ఏడ్చింది. అన్నయ్య తాగి పడిపోయిన రోజుల్లో కూడా ఆమె అలా ఏడవలేదు.

నేను గదిలోనే కూర్చుని కాఫీ గింజలు ఏరుతున్నాను. లోపలికి ఎండ బాగా పడుతోంది. అన్నయ్య పక్కన ఖాళీగా ఉన్న చోట మంచం నులక మెల్లగా కుంగింది, ఎవరో కూర్చున్నట్టు. కోడు కిర్రుమంది. అన్నయ్య కదల్లేదు. నేను నిద్రలో లేను. నాకు ఏ జబ్బూ లేదు. చేయి చాపి తాకాను. అక్కడ ఎవరూ లేరు, నులక మాత్రం బరువు మోస్తున్నట్టు బిగుసుకుని ఉంది. కాసేపటికి దానంతట అదే పైకి లేచింది.

అన్నయ్యకు మెలకువ వచ్చాక ఎవరొచ్చారని అడిగాను.

"నాన్న."

"ఎందుకొచ్చాడు? ఏటన్నాడు?"

"అడగనేదు."

"అడగాలనిపించనేదా?"

"నేదు గుంటా" అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

ఆ నులక ఎందుకు కుంగిందో నేను ఇప్పటికీ చెప్పలేను. డాక్టరుకు చెప్పలేదు. వచ్చింది నిజంగా నాన్నే అయితే, ఆయన కూడా మాలాగే కాసేపు పక్కన కూర్చుని, చేసేదేమీ లేక లేచి వెళ్లిపోయాడు.