బామ్మర్ది తెచ్చిన చేపలు

వనపర్తిలో పాత సామాన్ల దుకాణం కనిపిస్తే నా కాళ్ళు ముందుకు సాగవు. రెండేళ్ళ కిందట అక్కడే ఒక పాత ఇత్తడి గంజు కొన్నాను. లోపలి తెల్లటి పూతను మురికనుకొని, ఇసుకా చింతపండూ వేసి బంగారంలా మెరిసేదాకా తోమాను.

ఆ ఆదివారం నా బామ్మర్ది సోమశిల నుంచి చేపలు తెచ్చాడు. ముచ్చటపడి ఆ గంజులోనే పులుసు పెట్టించాను. సాయంత్రానికి అందరం వాంతులతో దవాఖానలో పడ్డాం.

"కుళ్ళిన చేపలు తెచ్చి మమ్మల్ని సంపుదామనుకున్నవా?" అని నా భార్య తమ్ముణ్ణి తిట్టింది.

"పొద్దుగాల పట్టినయే అక్కా. నేను గూడ తిన్న గద," అన్నాడతను, చేతికి సెలైన్‌తోనే.

ఇంటికొచ్చాక, చేపలు ముట్టని మా అమ్మ గంజులోకి తొంగి చూసింది. "లోపల తెల్లగుండేది కళాయి బిడ్డా. అది పోతే ఇత్తడిల పులుసు విషమైతది," అంది మెల్లగా. నేను గంజును అటకెక్కించి ఊరుకున్నాను.

అప్పటి నుంచి చుట్టాలకు అతను "చేపలాయన" అయ్యాడు. మొన్న బీరకాయలు తెచ్చి, "చూస్కో బావా, తాజాయే," అంటూ ఒక్కొక్కటీ విరిచి చూపించాడు.

ఈ పత్రిక మా చుట్టాల ఇళ్ళన్నిటికీ వస్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను: ఆ చేపలు మంచివే.